హల్లెలూయ పాడిన రోజు తెరుచుకున్న జైలు తలుపులు

డిసెంబరు వచ్చిందంటే మన పెద్ద చర్చిల్లో హల్లెలూయ కోరస్ సాధన మొదలవుతుంది. హాండెల్ స్వరపరచిన ‘మెస్సయా’లో మనలో చాలామందికి తెలిసింది ఆ ఒక్క పాటే. ఇప్పుడు విదేశీ గాయక బృందాలు ఆ కాలపు వాద్యాలతో మొత్తం మెస్సయాను పాడుతుంటే ఫోన్లలోనే చూస్తున్నాం. పినపాక, మణుగూరు లాంటి అడవి అంచు సంఘాల యువతకూ అవి అందుతున్నాయి. చూసినప్పుడు ‘ఇంత గొప్ప గానం మనవల్ల ఎక్కడవుతుంది?’ అనిపించడం సహజం. కానీ ఆ గానం పుట్టిన తీరు వేరు.

చార్లెస్ జెన్నెన్స్ బైబిలు వచనాలను ఏర్చి కూర్చగా, హాండెల్ 1741లో 24 రోజుల్లో సంగీతం రాశాడు. మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో. అది క్రిస్మస్ కాదు, శ్రమల దినాల కాలం. పాడినవారు ముప్ఫయి మందికి అటూ ఇటూ. నరాల తీగల వయొలిన్లు, హార్ప్‌సికార్డ్, బాకాలు, భేరీలు వంటివే వాద్యాలు. 1784లో లండన్‌లో గాయకులు, వాద్యకారులు ఐదు వందల మందికి పైగా కలిసి దాన్ని భారీ కచేరీగా మార్చారు. నేటి బరోక్ వాద్యబృందాలు మళ్లీ ఆ తొలి చిన్న రూపానికే వెళ్తున్నాయి. కాబట్టి పినపాకలో పాతికమంది పాడితే తక్కువేమీ కాదు. సౌండ్ బాక్సులు పెంచినంత మాత్రాన ఆరాధన పెరగదని మన కమిటీలకు ఎవరు చెప్పాలో!

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ రోజు వచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్లిందన్నది. రెండు ఆసుపత్రులకు, అప్పు తీర్చలేక జైల్లో మగ్గుతున్న వారి విడుదలకు వెళ్లింది. ఎక్కువమందికి చోటు దొరకాలని, స్త్రీలు వెడల్పాటి గౌన్ల చట్రాలు లేకుండా, పురుషులు కత్తులు లేకుండా రావాలని ముందే కోరారు. సుమారు 700 మంది వచ్చారు. 142 మంది ఖైదీలు విడుదలయ్యారు.

చెరలో ఉన్నవారికి విడుదల అన్న యెషయా 61వ అధ్యాయం మెస్సయాలో లేదు. జెన్నెన్స్ ఏర్చని ఆ మాట డబ్లిన్‌లో క్రియగా జరిగింది. నజరేతులో ప్రభువు చదివింది ఆ భాగమే (లూకా 4). గోదావరి ఒడ్డున దుమ్మగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలోనే లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చారు. అంటే విడుదల మాట మన అడవికి ఎప్పుడో చేరింది.

అప్పులవాళ్ల జైళ్లు పోయాయి. డబ్బు లేక జైల్లో ఉండిపోవడం మాత్రం పోలేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 చివరినాటికి మన దేశ జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం ఇంకా రుజువు కానివారన్నమాట. చిన్న కేసుల్లో చిక్కి బయటికి రాలేని పేదల గురించి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2022 నవంబరు 26న సుప్రీంకోర్టు వేదికపైనే ఆవేదనతో మాట్లాడారు. మరుసటి ఏడాది కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. 2023 మార్గదర్శకాల్లో విచారణ ఖైదీ బెయిలుకు రూ.40 వేల వరకు, శిక్షపడినవారి జరిమానాకు రూ.25 వేల వరకు ఇవ్వవచ్చన్నారు. పథకం ఉందని ఖైదీ ఇంటివారికి తెలియాలి కదా! పోడు భూమి గొడవలో కేసు పడిన గిరిజనుడికి బెయిలు వచ్చినా, పట్టా ఉన్న జామీనుదారుడు దొరకాలి. పనులు మానుకుని ఊరి నుంచి కోర్టుకు రావాలి. ఒక్క రోజు కూలి పోతే ఇల్లు గడవనివారికి అది మాటలు కాదు.

మన సంఘాల్లో చదువుకున్నవారున్నారు, భూమి ఉన్నవారున్నారు, వకీళ్లూ ఉన్నారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగితే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఈ క్రిస్మస్‌కు స్టేజీ, లైట్ల ఖర్చులో సగం తగ్గించి, పాటల ఆరాధన రోజు కానుకను విడిగా తీసిపెట్టవచ్చు. బెయిలు వచ్చీ జామీను లేక లోపలే ఉన్నవారు మన మండలంలో ఎవరున్నారో, సాధన మొదలుపెట్టే రోజే సంఘ పెద్దలు వాకబు చేస్తే, పండుగలోగా ఒకరిద్దరైనా ఇల్లు చేరతారు.