వంటగట్టుకి ఎపాక్సీ పూత: మెరుపు సరే, మంట మాటేమిటి?

మొన్న సంక్రాంతికి ముందు కలికిరిలో మా వదిన ఇంటికి రంగులు వేయించింది. గోడలన్నీ అయ్యాయి గానీ వంటింటి గట్టు దగ్గర పని ఆగిపోయింది. అది ముప్ఫై ఏళ్ల నాటి కడప బండ. చింతపండు పిసికే చోట, టమోటాలు తరిగే చోట పాలిపోయిన మచ్చలు. సింకు పక్కన పెద్ద చీలిక. పగలగొట్టి గ్రానైటు వేయించాలంటే వారం రోజులు వంట వరండాలోకి మార్చుకోవాలి. ఆ మాట వినగానే ఎవరికైనా గుండె జారిపోతుంది కదా!

ఇంతలో బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఫోనులో ఒక బొమ్మ పంపించాడు. పాత గట్టు మీదే ఏదో పోశారు. తెల్లటి పాలరాయిలాగా, మధ్యలో బంగారు చారలతో, అద్దంలా మెరిసిపోతోంది.

‘‘పగలగొట్టే పనే లేదంటమ్మా. ఎపాక్సీ అంట. పోసేది ఒక దినంలో అయిపోతాదంట. పోపిచ్చుకోమంటావా?’’ అని వదిన నన్నడిగింది.

అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఇది ఒక్క మా వదినకి వచ్చిన సందేహం కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మనమంతా బెంగుళూరుకి దగ్గర. అక్కడి వంటిళ్ల ఫాషన్లు మన దాకా రావడానికి ఎంతోకాలం పట్టదు. అందుకే తెలిసినవాళ్లని అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు మీతోనూ పంచుకుంటున్నాను.

కొత్త పేరు, పాత పరిచయం

ఎపాక్సీ అంటే మనకి తెలియని పదార్థమేమీ కాదు. పైపు కారుతుంటే రెండు ముద్దలు కలిపి పిసికి అతికిస్తామే, ఆ ఎం-సీల్ ఎపాక్సీయే. రెండు ట్యూబుల్లో వచ్చే అరాల్డైట్ కూడా అంతే. ఒకటి రెజిన్ అనే జిగురు. రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెండూ కలిస్తే వేడి పుట్టి, గట్టిపడి, మళ్లీ కరగని ఒక రకం ప్లాస్టిక్ తయారవుతుంది. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పియెర్ కాస్టాన్ 1930లలో కట్టుడు పళ్ల కోసం చేసిన ప్రయోగాల నుంచి వచ్చిందిది. మనం అంగట్లో కొనే గ్రానైటు పలకల్లో సన్నటి పగుళ్లు పూడ్చడానికి కూడా ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల ఎపాక్సీనే వాడతారు. ఇప్పుడు అదే పదార్థాన్ని రంగులు కలిపి గట్టంతా పోస్తున్నారు. అంతే తేడా.

మెచ్చుకోవలసినవి

మంచి గుణాలు లేకపోలేదు. పాత గట్టు పగలగొట్టనక్కర్లేదు. రాయి ఖర్చు, మోత కూలీ, శిథిలాలు ఎత్తిపోసే బాధ తప్పుతాయి. అతుకులు ఉండవు కాబట్టి మురికి చేరే సందులు, బొద్దింకలు దాక్కునే పగుళ్లు ఉండవు. నీళ్లు పీల్చదు.

ఇంకో లాభం మన ప్రాంతానికి మరీ పనికొస్తుంది. కడప బండ సున్నపురాయి జాతిది. సున్నానికీ పులుపుకీ పడదు. నిమ్మరసం, చింతపండు గుజ్జు, టమోటా రసం పడి కాసేపు అలాగే ఉంటే పైపొర తినేసి మచ్చ పడుతుంది. మదనపల్లె టమోటాలు గంపలకొద్దీ వచ్చే ఇళ్లలో గట్టు పాలిపోయిందంటే అది మన తోమడంలో లోపం కాదు, ఆ రాయి స్వభావమే అంత. గట్టిపడిన ఎపాక్సీని వంటింటి పులుపు ఇలా తినెయ్యదు. గ్రానైటుదీ ఇదే గుణం.

అసలు చిక్కు వేడి దగ్గర

ఇక రెండోవైపు చూద్దాం. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. ఇంకా ఎక్కువ తట్టుకునే ప్రత్యేక రకాలున్నాయి. కానీ మన వంట సంగతి చూడండి. మరిగే నీళ్లు 100 డిగ్రీలు. కూత పెడుతున్న కుక్కరు లోపల సుమారు 120. పోపు వేసే నూనె 180 దాకా పోతుంది. మూకుడు దించి గట్టు మీద పెట్టామంటే గుండ్రటి ముద్ర పడిపోవచ్చు, పూత తెల్లబారవచ్చు, గిన్నెకి అతుక్కుని లేచిపోనూ వచ్చు.

మన రాగిసంగటి మాట చెప్పనే అక్కర్లేదు. కాలిపోతున్న తప్పేల దించి, కదలకుండా పట్టుకుని, తెడ్డుతో బలమంతా ఉపయోగించి గెలకాలి. వేడికి వేడి, బరువుకి బరువు, రాపిడికి రాపిడి! ఫోనులో చూసే ఆ అందమైన వంటిళ్లలో ఎవరైనా సంగటి గెలుకుతారా?

కత్తిపీట, గ్రైండరు ఈడ్చినా గీతలు పడతాయి. కిటికీలోంచి ఎండ నేరుగా పడే చోట తెల్లటి పూత ఏళ్లు గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది. అసలు పసుపే పడి తుడవకుండా ఉంటే ఆ మరక వదలడం కష్టం. పాత రాతి మీద నూనె జిడ్డు, చెమ్మ మిగిలితే పూత పట్టదు, పొరలుగా లేస్తుంది. రెండు పాళ్లూ సరిగ్గా కలపకపోతే కొన్నిచోట్ల ఎన్నాళ్లయినా జిగటగానే ఉండిపోతుంది. దీనికి చెయ్యి తిరిగిన పనివాడు కావాలి. ‘బొమ్మ చూసి చేసేస్తానక్కా’ అనే మేస్త్రికి మన గట్టు మొదటి పాఠం కాకూడదు.

గ్యాసు చెప్పే జాగ్రత్త

వంటింట్లో నిలబడి వంటచేసే గట్టు మనలో చాలామంది ఇళ్లకి గ్యాసుతోనే వచ్చింది. కట్టెల పొయ్యి నేల మీద ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చాక పల్లెల్లోనూ ఎన్నో వంటిళ్ల రూపు మారింది. 2024 దీపావళికి మన రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

గ్యాసు కనెక్షన్ తీసుకునేటప్పుడు చెప్పే జాగ్రత్తలు ఒకసారి గుర్తు చేసుకోండి. స్టవ్ సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. అది పెట్టే గట్టు మంట అంటుకోనిదై ఉండాలి. రాయికి ఆ భయం లేదు. ఎపాక్సీ ఎంత మెరిసినా ప్లాస్టిక్ జాతిది. దాన్ని తెచ్చి బర్నరు కింద, చుట్టూ పరచడం మనకి చెప్పిన జాగ్రత్తకే విరుద్ధం. లాభనష్టాల పట్టీలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

తిండికి, ఒంటికి

పోసేటప్పుడు వచ్చే వాసనకి కళ్లు మండవచ్చు. పచ్చి ఎపాక్సీ చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. ఒకసారి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా మళ్లీ వస్తాయి. పనివాళ్లకి చేతి తొడుగులు తప్పనిసరి. గర్భిణులు, పసిపిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో ఇంకోచోట ఉండడమే మేలు. పైకి ఒక్క రోజులో ఆరినట్టు కనిపించినా పూర్తిగా గట్టిపడడానికి వారం, కొన్ని రకాలకి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి ‘ఒక దినంలో అయిపోతాది’ అనేది సగం నిజం.

ఎపాక్సీలు చాలావరకు బిస్ఫినాల్-ఎ అనే రసాయనంతో తయారవుతాయి. తిండిని తాకే డబ్బాల పూతల్లో, ప్లాస్టిక్ సామాన్లలో దీన్ని ఐరోపా సంఘం 2024 డిసెంబరులో నిషేధించింది. మార్చుకోవడానికి కంపెనీలకి గడువూ ఇచ్చింది. పూర్తిగా గట్టిపడిన గట్టుని చూసి బెదిరిపోవలసిన పని లేదు. కానీ చపాతీ పిండి నేరుగా దాని మీద ఒత్తకుండా పీట వాడుకోవడం, కూరలు పలక మీద తరుక్కోవడం మంచిది.

రాయికీ ఒక లెక్క ఉంది

అయితే రాయి అన్నివిధాలా మంచిదేనా? ఇదీ నిజాయితీగా చెప్పుకోవాలి. కుప్పం చుట్టుపక్కల గ్రానైటు క్వారీలున్నాయి. ‘కుప్పం గ్రీన్’ పేరుతో అక్కడి ఆకుపచ్చ రాయి వ్యాపారంలో ప్రసిద్ధం. ఆ రాయిని కోసేవాళ్లు, మెరుగుపెట్టేవాళ్లు మన ఊళ్లవాళ్లే. గ్రానైటులో సిలికా సుమారు 20 నుంచి 45 శాతం ఉంటుంది. పొడిగా కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయంచేసే మందు లేదు.

ఈమధ్య షోరూముల్లో ‘క్వార్ట్జ్’ అని చూపించే తయారీ రాయి ఇంకా ప్రమాదం. రాతి పొడిని రెజిన్‌తో కలిపి అచ్చుపోసేది. అందులో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. దాన్ని కోసే యువకులు సిలికోసిస్ బారిన పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయి తయారీ, సరఫరా, బిగింపు అన్నీ నిషేధించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. బిగించాక ఇంట్లోవాళ్లకి దానితో ప్రమాదం లేదు. ప్రమాదమంతా కోసేవాడికి.

కాబట్టి మీ ఇంటి ముందు గ్రానైటు కోస్తుంటే ‘నీళ్లు పోస్తూ కొయ్యి నాయనా’ అని ఒక్క మాట చెప్పండి. ఒక బకెట్టు నీళ్లు మీరే అందించండి. దుమ్ము ఆపే మాస్కు కట్టుకోమనండి. పాత గట్టుని ఎపాక్సీ కోసం గరుకు పట్టించినా దుమ్మే. జాగ్రత్త అక్కడా ఇదే.

వదిన ఏం చేసింది?

ఇవన్నీ చెప్పి, ‘‘వేడి గిన్నె కింద ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టుకుంటూ జాగ్రత్తగా ఉంటే బాగానే ఉంటుంది వదినా’’ అన్నాను. ఆమె పొలం పనికి వచ్చే కూలీలతో కలిపి పదిమందికి సంగటి కెలికే మనిషి. కాసేపు ఆలోచించింది.

‘‘గట్టు నాకోసరమా, నేను గట్టు కోసరమా? పొద్దున లేస్తే దానికి దెబ్బ తగలకుండా నేను మసులుకోవాల్నా?’’ అంది.

స్టవ్ ఉన్న వైపు కడప బండ అలాగే ఉంచి మెరుగు పట్టించింది. సింకు పక్క చీలిక మాత్రం ఎపాక్సీతో పూడిపించింది. గోడ టైల్సు సందుల్లో సిమెంటు రాలిపోతుంటే అక్కడా ఎపాక్సీనే నింపించింది. కొడుకు కాస్త నిరాశపడ్డాడు. వంట చేసేది తను కాదు కదా!

మీకు నిర్ణయం వేరే కావచ్చు. ఇద్దరే ఉండి తేలిక వంట చేసుకునేవాళ్లు, ఇప్పట్లో గట్టు మార్చే తాహతు లేనివాళ్లు స్టవ్‌కి దూరంగా ఉన్న భాగం వరకు ఎపాక్సీ వేయించుకోవచ్చు. అద్దె ఇల్లయితే ముందు యజమాని ఒప్పుకోవాలి. డబ్బివ్వక ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని డిగ్రీల వేడి తట్టుకుంటుందో కంపెనీ కాగితం మీద రాసి ఉందా? తిండి తగిలే చోట వాడవచ్చని రాసి ఉందా? ఈ పనివాడు రెండేళ్ల కిందట చేసిన గట్టు ఒకటి చూపించగలడా? లేచిపోతే మళ్లీ వచ్చి సరిచేస్తాడా? కొత్తగా పోసిన గట్టు ఎవరిదైనా మెరుస్తుంది. చూడవలసింది రెండేళ్లు వంట చేసిన గట్టుని.

ఏ గట్టయినా సరే, వేడి తప్పేల కింద మన అమ్మమ్మలు పెట్టిన చుట్టకుదురుని మించిన రక్షణ లేదు. పాత చీర పేలికలు చుట్టి ఈ సాయంత్రమే ఒకటి చేసి పెట్టుకోండి.