ఇంటిగుట్టు

గత వేసవిలో మా విద్యార్థిని యొకతె ప్రవేశపరీక్షకు దరఖాస్తు నింపుటకై సుచిత్ర కూడలికి చేరువనున్న ఒక ఇంటర్నెట్ కేంద్రమునకు వెళ్లెను. పని ముగియగనే రుసుము చెల్లించి వచ్చివేసెను. మఱునాడు అదే కంప్యూటరు ముందు కూర్చున్న మఱొక విద్యార్థికి ఆమె ఈమెయిలు తెఱచియే కనిపించెను. ఆధార్ ప్రతి, కులధ్రువపత్రము, తండ్రి ఫోను నంబరు అన్నియు నందే యున్నవి. బాలుడు బుద్ధిమంతుడు గనుక మూసివేసి మాతో చెప్పెను. బుద్ధిమంతుడు కాకున్న?

ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలనిరి. ఇప్పుడు విభీషణునితో పనిలేదు. మన గుట్టు మనమే చెప్పుకొనుచున్నాము.

గోప్యత ధనవంతుల విలాసమనువారు కలరు. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు అది రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనిరి. తెలుగువారైన కోకా సుబ్బారావుగారు మాత్రము, జస్టిస్ షాగారు తోడుగా, విభేదించిరి. తన్నొక కన్ను సదా కనిపెట్టుచున్నదని యెఱిగినవాడు సంకెల లేకున్నను స్వేచ్ఛగా మెలగజాలడన్నది ఆయన వాదసారము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. వారిలో కృష్ణాజిల్లాకు చెందిన చలమేశ్వర్‌గారొకరు. సుబ్బారావుగారి మాట నెగ్గుటకు అర్ధశతాబ్దికి మించి పట్టినది!

నాటి నిఘా పోలీసులది; నేటిది వర్తకులది. 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు లూ మాంటులీ కల్పించిన ‘కుకీ’ వచ్చినవారిని మరల గుర్తుపట్టుటకు పుట్టిన చిన్న చీటి. ప్రకటనకర్తల చేతబడి అదియే మన వెంట తిరుగు నీడయైనది. ‘ఇన్‌కాగ్నిటో’ తెఱచితిమని నిశ్చింతగా నుండరాదు. అది మన కంప్యూటరునందు చరిత్రను మిగుల్చదు, అంతియే. మనము దర్శించిన వెబ్‌సైటునకును, ఇంటర్నెట్ సరఫరా చేయు సంస్థకును మన రాక తెలియుచునే యుండును. పాండవుల అజ్ఞాతవాసమింతకంటె పకడ్బందీగా సాగినది.

చేయదగినవి కొన్ని కలవు. పరుల కంప్యూటరునందు లాగౌట్ చేయక లేవరాదు. దింపుకొన్న ప్రతులు తుడిచివేయవలెను. ఇతర సంస్థల కుకీలను బ్రౌజరునందే నిరోధింపవచ్చును. ఆధార్ చూపక తప్పనిచోట, వీలైనంతవఱకు చివరి నాలుగంకెలే కనిపించు ‘మాస్క్‌డ్’ ప్రతి నీయవచ్చును.

అయితే మా యసలు ఫిర్యాదు వేఱు. ‘అంగీకరించుచున్నాను’ అను మీటను మనవారు చదువకయే నొక్కుచున్నారు. చదువుదమన్నను అది పుటలకొలది ఇంగ్లీషు! సమ్మతి కోరు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనియందైనను చదువుకొను వీలుండవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. తెలుగును ఆ భాషలలో నొకటియే. కాని యంత్రము చేసిన అనువాదమును అతికించి చేతులు దులుపుకొన్నచో ఇంగ్లీషే మేలనిపించును. ఆ ప్రకటనలు మేడ్చల్ రైతుకును, శామీర్‌పేట గృహిణికిని బోధపడు తెలుగున నుండవలెను. కళాశాలల తెలుగు శాఖలు ముందుకు వచ్చినచో మాదిరి ప్రతులు సిద్ధము చేయుట కష్టము కాదు. మా శాఖయందు ఆ పని ఈ సెలవులలోనే మొదలిడనున్నాము.