కొండ అడిగిన కంపెనీ, చందా తీసుకున్న పార్టీలు



మన దిక్కు ఎవరన్నా ఓపెన్‌కాస్టు వద్దన్నా, పోడు భూమికి పట్టా అడిగినా, పులుల పేరు మీద ఊరు లేపొద్దన్నా ఒక మాట తప్పకుండా వినబడుతది. "వీళ్ల వెనక ఎవరున్నరు? పైసలు యాడికెళ్లి వస్తున్నయ్?" సర్కారు ఆఫీసుల్లో అంటరు, టీవీ చర్చల్లో అంటరు, ఒక్కోసారి హాస్టల్ రూముల్లో మనోళ్లే అంటరు. విదేశీ డబ్బు అనే ముద్ర పడితే చాలు, ఇక ఆ ఊరోళ్లు చెప్పేది ఎవ్వరూ వినరు.

ప్రశ్న తప్పని మేము అనం. ఎవరి పైసలతో ఎవరు మాట్లాడుతున్నరో తెలియాల్సిందే. కాకపోతే ఆ ప్రశ్న మన గూడెం దగ్గరే ఆగిపోతున్నది, పార్టీ ఆఫీసు గేటు దాటి లోపలికి పోతలేదు. ఒక్కసారి మాత్రం పోయింది. హైకోర్టు దాకా పోయి గెలిచింది కూడా. ఆ తర్వాత ఏమైందో చెప్పడానికే ఈ పొడుగు పోస్టు. గ్రూప్స్‌కు చదివేటోళ్లు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం గురించి బిట్లు బిట్లుగా చదివే ఉంటరు. ఆ బిట్ల మధ్యలో ఉన్నది ఈ కథ.

నియమగిరి పేరు మనలో చాలామందికి తెలుసు. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో ఉన్న కొండలు. మనకు కేస్లాపూర్ నాగోబా ఎట్లనో, డోంగ్రియా కోంధులకు నియమరాజు అట్ల. కొండ మీద బాక్సైట్ ఉన్నది. కింద లాంజిగఢ్‌లో వేదాంత వాళ్ల అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్నది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్‌తో కలిసి ఆ కొండ తవ్వడానికి వచ్చింది వేదాంత గ్రూపులోని స్టెరిలైట్ ఇండస్ట్రీస్. ఈ స్టెరిలైట్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తది.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద దేవుని హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో సభలు పెట్టిండ్రు. జిల్లా జడ్జి వచ్చి కూర్చున్నడు. 12 ఊళ్లకు 12 ఊళ్లూ వద్దన్నయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి లేదని తేల్చేసింది. ఆగస్టు 9 వస్తే మనం ఈ కథ గర్వంగా చెప్పుకుంటం. అదే టైముల ఢిల్లీ హైకోర్టులో నడిచిన రెండో కథ మాత్రం మన మీటింగుల్లో రాదు.

ఆ రెండో కేసు వేసినోళ్లు ఇద్దరు. ఒకటి ఏడీఆర్ అనే సంస్థ, ఎన్నికల్లో నిలబడే వాళ్ల ఆస్తులు, కేసుల లెక్కలు తీసేది. ఇంకొకరు మన తెలుగాయనే, విశాఖపట్నంలో ఉండే రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ. కేంద్రంలో ఆర్థిక వ్యవహారాల కార్యదర్శిగా చేసిన మనిషి. విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలు వద్దని సర్కారుకు ఉత్తరం మీద ఉత్తరం రాసినాయన. వాళ్లు కోర్టుకు చెప్పింది సీదా విషయం. స్టెరిలైట్, సెసా గోవా అనే కంపెనీలు కాంగ్రెస్‌కు, బీజేపీకి చందాలు ఇచ్చినయి. ఆ రెండు కంపెనీలూ ఇంగ్లండ్‌లో రిజిస్టరైన వేదాంత రిసోర్సెస్ చేతిలో ఉన్నయి. విదేశీ కంపెనీ చేతిలో ఉన్న కంపెనీ నుంచి పార్టీలు పైసా తీసుకోవద్దని చట్టం ఉన్నది కదా అని అడిగిండ్రు.

ఈ సంగతి బయటికి ఎట్ల వచ్చిందంటే, మన దగ్గర ఎవరో తవ్వి తీసింది కాదు. వేదాంత అప్పుడు లండన్ షేర్ మార్కెట్‌లో ఉన్నది. బయటి దేశాల పార్టీలకు ఇచ్చిన చందాలు వార్షిక నివేదికలో చూపించాలని అక్కడి రూలు. కాబట్టి రాసింది. ఇక్కడి ఓటరుకు ఇక్కడి పార్టీ చెప్పని లెక్క లండన్‌లో షేర్లు కొన్నోళ్ల పుస్తకంలో అచ్చైంది. నియమగిరి మీద ఉన్న ముసలమ్మకు ఆ పుస్తకం ఎవరు చదివి చెప్తరు?

2014 మార్చి 28న తీర్పు వచ్చింది. కంపెనీ అసలు యజమాని భారతీయుడే కదా అనే వాదన నిలబడలేదు. కంపెనీ ఇంగ్లండ్‌ది, కాబట్టి అది విదేశీ సొమ్మే అన్నది కోర్టు. రెండు పార్టీలూ చట్టం దాటినట్టే కనబడుతున్నదని, కేంద్ర ప్రభుత్వం, ఎన్నికల సంఘం ఆరు నెలల్లో చర్య తీసుకోవాలని చెప్పింది. లోక్‌సభ ఎన్నికలకు పది రోజుల ముందు సంగతి ఇది. ఒకటి అప్పటిదాకా ఏలిన పార్టీ, ఇంకొకటి రేపు ఏలబోయే పార్టీ. పార్లమెంటులో ఎవరు ఎవరిని అడగాలె?

చర్య ఏమీ కాలేదు. రెండు పార్టీలూ సుప్రీంకోర్టుకు పోయినయి. ఇటు 2016 బడ్జెట్ బిల్లులో ఒక చిన్న క్లాజు వచ్చింది. విదేశీ పెట్టుబడికి పెట్టిన హద్దు లోపల ఉంటే చాలు, సగం కన్నా ఎక్కువ వాటా బయటోళ్లదే అయినా ఆ కంపెనీ ఇచ్చేది విదేశీ సొమ్ము కాదు అని మార్చిండ్రు. అది కూడా 2010 సెప్టెంబర్ 26 నుంచే అమలైనట్టు. ఆ ఏడాది నవంబర్‌లో రెండు పార్టీలూ అప్పీళ్లు వాపసు తీసుకున్నయి. తర్వాత చూసుకుంటే చిక్కొకటి మిగిలింది. కోర్టు పట్టుకున్న చందాలు 1976 నాటి పాత చట్టం కిందవి. అందుకని 2018 మార్చిలో మళ్లీ బడ్జెట్ బిల్లులోనే తేదీ మార్చిండ్రు. ఈసారి 1976 ఆగస్టు 5 నుంచి అన్నరు. అంటే ఆ చట్టం పుట్టిన రోజు నుంచే. లోక్‌సభలో చర్చ కూడా జరగలేదు.

ఈ తేదీల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే తేదీ అంటే ఏంటో మనకన్నా బాగ ఎవరికీ తెల్వదు. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 కన్నా ముందు నుంచి ఆ భూమి మన సాగులో ఉండాలె. ఒక నెల అటైతే ఆక్రమణదారు. తాత దున్నిండు అంటే కాగితం ఏది అంటరు. ఆ తేదీ జరపమని మన పెద్దలు ఎన్ని ధర్నాలు చేసిండ్రో, ఎంతమంది మీద ఫారెస్టు కేసులున్నయో ఉట్నూర్, సిర్పూర్, తిర్యాణి దిక్కు ఏ ఇంట్లో అడిగినా చెప్తరు. మన తేదీ ఒక్క రోజు జరగలేదు. వాళ్ల తేదీ 42 ఏళ్లు వెనక్కి జరిగింది.

ఇంకొక పోలిక కూడా చూడండి. హైకోర్టు తీర్పు 2014 మార్చిది. అదే ఏడాది జూన్‌లో ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక బయటికొచ్చింది. విదేశీ డబ్బు తీసుకునే స్వచ్ఛంద సంస్థలు బొగ్గు, అణు విద్యుత్, గనుల ప్రాజెక్టులకు అడ్డం పడి దేశ అభివృద్ధిని ఏటా 2 నుంచి 3 శాతం తగ్గిస్తున్నయని అందులో రాసిండ్రు. మధ్యప్రదేశ్‌లో మహాన్ అడవి బొగ్గు గని మీద కొట్లాడిన గ్రీన్‌పీస్ ఇండియాకు 2015లో ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ పోయింది. 2020లో చట్టం ఇంకా బిగించిండ్రు. బయటి విరాళం తీసుకునే ప్రతి సంస్థా ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు బ్రాంచిలో ఖాతా తెరవాలె. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటొద్దు, అంతకుముందు 50 ఉండేది. ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు ఇవ్వొద్దు. మారుమూల మండలంలో నలుగురైదుగురితో బడి నడుపుకునే చిన్న సంస్థకు డబ్బు వచ్చేదే పెద్ద సంస్థ ద్వారా. ఆ దారి మూసుకుపోయింది. ఇందులో దొంగ సంస్థలు లేవని మేము చెప్తలేం, ఉన్నయి. కానీ ఒకే పేరున్న చట్టం ఒకరికి బిగుసుకుంటూ పోయింది, ఇంకొకరికి వెనక తేదీ నుంచి వదులైంది.

"అన్ని దేశాల్లో ఇంతే కదా" అని కొందరంటరు. యూరప్‌లో కూడా ఇదే రోగం ఉన్నది, నిజమే. జర్మనీని 16 ఏళ్లు ఏలిన హెల్ముట్ కోల్ లెక్కల్లో చూపకుండా 20 లక్షల మార్కుల దాకా చందా తీసుకున్ననని ఒప్పుకున్నడు. ఇచ్చినోళ్ల పేర్లు మాత్రం సచ్చేదాకా చెప్పలేదు. ఫ్రాన్సు మాజీ అధ్యక్షుడు సర్కోజీ మీద, 2007 ఎన్నికల ప్రచారానికి లిబియా గడాఫీ డబ్బు కోసం కుట్ర జరిగిందనే కేసులో 2025 సెప్టెంబర్‌లో పారిస్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. అక్టోబర్‌లో జైలుకు పోయిండు, మూడు వారాలకు బయటికొచ్చిండు, అప్పీలు చేసుకున్నడు. రేపు పైకోర్టు ఏమంటదో వేరే సంగతి. అక్కడ కేసు నడవడానికి నేరం నేరంగానే మిగిలి ఉన్నది. మన దగ్గర కేసు నడవకుండా నేరాన్నే తీసేసిండ్రు.

ఇక మన ఇంటి దగ్గరికి వద్దాం. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టేసింది. స్టేట్ బ్యాంకు జూన్ దాకా టైం అడిగితే కోర్టు ఒప్పుకోలేదు, మార్చిలో లెక్కలు బయటపడ్డయి. 2019 ఏప్రిల్ 12 నుంచి లెక్కేస్తే బీజేపీకి 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, మన బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు వచ్చినయి. కొన్నోళ్లలో రెండో పెద్ద పేరు హైదరాబాద్‌ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూమి లోపల కట్టిన కాళేశ్వరం పంపుహౌస్ ఆ కంపెనీ కట్టిందే. దాని బాండ్లలో ఎక్కువ భాగం, సుమారు 584 కోట్లు, బీజేపీకి పోయినయి. అప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్న బీఆర్‌ఎస్‌కు సుమారు 195 కోట్లు. చందా ఇచ్చినందుకే పని వచ్చిందని మేము అంటలేం, అట్ల అనడానికి రుజువు కావాలె. కానీ పని జరిగేటప్పుడు, భూములు తీసుకునేటప్పుడు, ఓట్లు అడిగేటప్పుడు ఈ లెక్క రామడుగు రైతుకు తెలియకూడదని చట్టమే రాసిపెట్టిండ్రు. అది మాత్రం అనాల్సిందే.

వేదాంత కూడా ఆ జాబితాలో ఉన్నది, దగ్గరదగ్గర 400 కోట్లతోటి. బీజేపీకి, కాంగ్రెస్‌కు, అప్పుడు ఒడిశాను ఏలుతున్న బీజేడీకి పంచింది. నియమగిరి పోయినంక 2023లో అదే ప్రాంతంలో సిజిమాలి బాక్సైట్ కొండ వేలంలో ఆ కంపెనీకే దక్కింది. అక్కడ గ్రామసభ తీర్మానాలు తాము చేసినవి కావని ఊరోళ్లు కొట్లాడుతున్నరు.

హుజురాబాద్ ఉప ఎన్నిక గుర్తుందా, 2021 అక్టోబర్? కవర్లు మాకు రాలేదని ఆడోళ్లు రోడ్డెక్కితే రాష్ట్రమంతా నవ్వింది. ఓటు అమ్ముకునే జనం అని ఎన్ని మీమ్స్ వేసిండ్రో! ఓటుకు పైసలు తీసుకోవడాన్ని మేము వెనకేసుకొస్తలేం, మన గూడేల్లో కూడా ఆ రోగం పాకింది, మందు సీసాతో సహా. కానీ ఆ కవరులోకి పైసలు ఎక్కడికెళ్లి వచ్చినయో అడిగినోడు లేడు. అభ్యర్థి ఖర్చుకు హద్దున్నది, అసెంబ్లీకి ఇప్పుడు 40 లక్షలు. పార్టీ ఖర్చుకు హద్దే లేదు. కవరు తీసుకున్న ముసలవ్వ పేరు ఊరందరికీ తెలుసు, నింపినోడి పేరు ఎవరికీ తెల్వదు.

బాండ్లు పోయినయి కదా, ఇంకేముంది అనుకోవద్దు. ఆ తీర్పు విదేశీ కంపెనీల సవరణ జోలికి పోలేదు, అది అట్లనే ఉన్నది. దానికి తోడు 2019 నుంచి బొగ్గు తవ్వకంలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఉన్నది. మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బొగ్గు బ్లాకును 2024 జూన్‌లో కేంద్రం వేలానికి పెట్టింది. రెండు రూల్స్ కలిపి చదవండి. రేపు పూర్తిగా బయటోళ్ల సొమ్ముతో నడిచే కంపెనీ ఒకటి ఇక్కడ రిజిస్టరై మన బొగ్గు కోసం రావచ్చు, అదే కంపెనీ పార్టీకి చందా ఇవ్వచ్చు, రెండూ చట్టబద్ధమే. ఆ బొగ్గు మీద ఊరున్నోళ్లు వద్దని, కొట్లాటకు బయటి నుంచి సాయం తీసుకుంటే మాత్రం అది దేశద్రోహం లెక్క.

మేము అడిగేది ఒక్క పేజీ. ఏజెన్సీలో గనికి గానీ, ఫ్యాక్టరీకి గానీ గ్రామసభ పెట్టినా, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినా, ముందు పెట్టే కాగితాల్లో ఆ కంపెనీ, దాని పైనున్న కంపెనీ, దాని కాంట్రాక్టర్లు గత పదేళ్లలో ఏ పార్టీకి ఎంత ఇచ్చిండ్రో ఒక పేజీ ఉండాలె. తెలుగులో ఉండాలె, గోండి, కోలామీల్లో చదివి వినిపించాలె. పర్యావరణ నివేదిక వందల పేజీలు తయారు చేయగలిగినోళ్లకు ఇదొక్క పేజీ బరువు కాదు. ఆ పేజీ లేకుంటే సంతకం పెట్టొద్దని మన రాయిసెంటర్లలో మాట్లాడుదాం. చట్టంలో లేదు కదా అని తహసీల్దార్ అంటడు. లేనిది అడగొద్దని కూడా ఏ చట్టంలో లేదు.

దానికంటే ముందు మనమే కొంత పని చేయొచ్చు. 20 వేలు దాటిన చందాలు ఇచ్చినోళ్ల పేర్లతో పార్టీలు ఏటా ఇచ్చే నివేదికలు, బాండ్ల జాబితాలు ఎన్నికల సంఘం సైట్‌లో ఉన్నయి. మన నాలుగు జిల్లాల్లో, పాత కరీంనగర్‌లో గనులు, సిమెంటు, సింగరేణి మట్టి పనుల కాంట్రాక్టులు ఏ కంపెనీల దగ్గర ఉన్నయో ఇంకో జాబితా రాసుకోవాలె. రెండూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడడమే పని. బీకాం చదివినోళ్లు, ఎక్సెల్ వచ్చినోళ్లు ఐదుగురు చాలు. ఒక్కొక్కరు ఒక్కో పార్టీ పంచుకుందాం, మనం అభిమానించే పార్టీని వదలకుండా. దసరా సెలవుల్లో మొదలుపెడదాం, చేస్తమన్నోళ్లు పేర్లు ఇవ్వండి.