అమ్మ ఉండగా ఆశ్రమం ఎందుకు?

అనాథాశ్రమం అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపలున్న పిల్లలంతా అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. భర్త పోయిన కూలీ మనిషి బిడ్డను తీసుకెళ్లి అక్కడ వదిలేది ప్రేమ లేక కాదు, కడుపు నిండా అన్నమూ బడీ ఒకే చోట దొరుకుతాయని.

2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖలు రాసింది. దేశం మొత్తం మీద బాలల సంరక్షణ సంస్థల్లో ఉన్న సుమారు 2.56 లక్షల మందిలో 1.84 లక్షల మంది ఆ రాష్ట్రాల్లోనే ఉన్నారని, వాళ్లను 100 రోజుల్లో ఇళ్లకు చేర్చాలని కోరింది. ఆ ఎనిమిదింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. గడువు పెట్టడానికేం, కాగితం చాలు. బిడ్డను గడప దాటించిన లేమి ఇంట్లో అలాగే ఉంటే, తిరిగొచ్చిన పిల్ల మళ్లీ ఆశ్రమానికో పత్తి చేనుకో పోవాల్సిందే.

చట్టంలో లోపం లేదు. పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి దారి కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టమే చెబుతోంది. కేంద్రం ‘మిషన్ వాత్సల్య’ కింద స్పాన్సర్‌షిప్ పేరుతో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తోంది. అంతకుముందు ఇది 2,000. భర్త చనిపోయిన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలు, బంధువుల ఇళ్లలో పెరుగుతున్న అనాథలు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో మంచం పట్టిన పిల్లలు ఇందుకు అర్హులు. మంచి పథకం, సందేహం లేదు.

చిక్కంతా ఆదాయ పరిమితి దగ్గరే. పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలీ 300 రూపాయలు. ఆ లెక్కన ఒంటరి తల్లి ఎక్కడ పని దొరికితే అక్కడ చేసి 240 రోజులు కూలికి వెళ్లిందంటే పరిమితి అంచుకు చేరినట్టే. మరొక్క రోజు వెళితే అర్హత పోతుంది! కష్టపడే తల్లికి ఇదేం శిక్ష?

డబ్బొక్కటే చాలదన్నదీ నిజమే. తండ్రి తాగుడు, తల్లి కుంగుబాటు, బడి మానేసిన పెద్దకొడుకు... వీటి గురించి ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సంస్థల బయటి సంరక్షణ చూసే అధికారి పోస్టు ఒక్కటే. సామాజిక కార్యకర్తలు ఇద్దరు, క్షేత్ర కార్యకర్తలు ఇద్దరు. జిల్లా అంతటికీ వీళ్లే! ఇంట్లోనే హింసకు గురయ్యే పిల్లలకు మాత్రం ఆశ్రయం తప్పనిసరి. అలాంటివాళ్లెవరో, కేవలం పేదరికం వల్ల వచ్చినవాళ్లెవరో తేల్చాలన్నా ఇల్లిల్లూ తిరిగే సిబ్బందే దిక్కు.

ఆదాయ పరిమితిని కూలీ రేట్లకు ముడిపెట్టి ఏటా సవరించాలి. మండలానికొక సామాజిక కార్యకర్తనైనా నియమించాలి. సాయం ఏ నెలకానెల తల్లి చేతికందాలి. ఆర్నెల్ల బకాయి ఒక్కసారి పడితే ఈ నెల బియ్యం ఎలా వస్తాయి? ఈలోగా మీ వీధిలో బిడ్డను ఆశ్రమంలో చేర్చాలనుకుంటున్న తల్లి ఎవరైనా ఉంటే, ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు చేయించండి. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి.