జర్మనీ పద్ధతి, మన ఉస్తాదులు

నైపుణ్య శిక్షణపై పార్లమెంటులో చర్చ జరిగినప్పుడల్లా జర్మనీ ప్రస్తావన వినక తప్పదు. అక్కడి అప్రెంటిస్ వారంలో మూడు నాలుగు రోజులు పనిచోట, తక్కిన ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో శిక్షణ పొందుతాడు. ఆ నమూనానే 2016లో మన ఐటీఐలలో ప్రవేశపెట్టారు. సంతోషమే. అయితే మనం తెచ్చుకున్నది కాలక్రమ పట్టిక మాత్రమేనేమోనని నా సందేహం.

జర్మనీలో శిక్షణ నిబంధనల రూపకల్పనలో యజమానులతోబాటు కార్మిక సంఘాలూ పాల్గొంటాయి. అప్రెంటిస్ భత్యం సామూహిక ఒప్పందాలలో బేరమాడి సాధించుకున్న హక్కు. మన అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. జర్మనీ వృత్తి శిక్షణ చట్టం కన్న ఎనిమిదేండ్లు పెద్దది! కాని అది అప్రెంటిస్‌ను కార్మికుడుగా గుర్తించదు. 2014 సవరణ యజమానులకు జైలు భయం తొలగించి జరిమానాతో సరిపెట్టింది. ఇన్‌స్పెక్టరు రాజ్యం పోవలసిందే, కాదనను. కాని కుర్రవాని పక్షాన మాట్లాడేదెవరు? లేకుంటే ఇది చౌక కూలీకి మర్యాదపేరు కాదా?

అక్కడ మైస్టర్ పరీక్షలో శిష్యులకు పని నేర్పే నేర్పు కూడ ఒక భాగం. మన మోటారు షెడ్లలో ఉస్తాదులు ఏ చట్టమూ చెప్పకుండానే తరాలుగా పని నేర్పుతున్నారు. మన పథకాలు వారి గడప తొక్కడం అరుదు. బెర్లిన్‌కు బయలుదేరే అధికారులు ముందుగా ఒక పూట కరోల్‌బాగ్ మెకానిక్కుల వద్ద గడిపి వెళ్లరాదా?