కాలిని కాపాడే సిర

వేసవి రాగానే టేకులపల్లి చుట్టుపక్కల అడవుల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో ఆరబెడతారు. అదే బీడీగా తిరిగివస్తుంది. ఆ బీడీని విడవలేని కొందరికి నలభై ఐదేళ్ళు నిండకుండానే కాళ్ళలో రక్తప్రసారం తగ్గి, వేళ్ళు నల్లబడతాయి. 1908లో న్యూయార్కులో లియో బ్యూర్గర్ వివరించిన జబ్బు ఇదే. కూలిపనితో బ్రతికేవాడికి కాలు పోవడమంటే బ్రతుకుతెరువు పోవడమే.

1948లో పారిస్‌లో జాఁ కున్లిన్ అనే వైద్యుడు రోగి కాలిలోని సఫీనస్ సిరనే తీసి, మూసుకుపోయిన ధమనికి పక్కదారిగా కుట్టాడు. మోకాలి దిగువకు నేటికీ సొంత సిరే మేలు; కృత్రిమ గొట్టం అక్కడ త్వరగా మూసుకుపోతుంది. అయితే బ్యూర్గర్ జబ్బులో పాదం దాకా ధమనులు చెడతాయి కనుక ఈ చికిత్స అందరికీ కుదరదు. పైపెచ్చు, ఆ జబ్బు చర్మం కింది సిరలనూ వాపెక్కించి గడ్డకట్టిస్తుంది. అంటే పక్కదారికి పనికిరావలసిన సిరే ముందుగా పాడై ఉండవచ్చు.

అందుకే కోతకు ముందు అల్ట్రాసౌండుతో సిరను వెతకాలని నా వాదన. సూది లేదు, నొప్పి లేదు. రోగిని నిలబెట్టో, కాలు వేలాడదీసో సిర నిండేలా చేసి, గజ్జ నుండి చీలమండ దాకా చూస్తారు. మెల్లగా నొక్కితే మంచి సిర అణిగిపోతుంది, గడ్డకట్టినది అణగదు. వెడల్పు సుమారు మూడు మిల్లీమీటర్లుంటే సంతోషమే. దాని దారిని చర్మంపై కలంతో గీస్తారు. ఇది చేయకపోతే, కాలు పొడవునా కోసిన తరువాత సిర పనికిరాదని తెలుస్తుంది. అప్పుడు గాయం మిగులుతుంది, సిర మిగలదు.

కాలి సిర చాలనప్పుడు చేతి సిరను వాడతారు. మరి మన పల్లెల్లో ఒళ్ళునొప్పులకూ, నీరసానికీ సెలైన్ ఎక్కించుకుని చేతి సిరలను పాడుచేసుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. శస్త్రచికిత్స హైదరాబాదులోనే జరగనీయండి. సిరను చూసే పని మాత్రం రోగి ఇంటికి దగ్గరలో జరగాలి. చేసే చేతులకు శిక్షణ ఇస్తే చాలు. దారిఖర్చులకు అప్పు చేసి పట్నం వెళ్ళినవాడు, తన కాలికి దారి ఉందో లేదో ముందే తెలుసుకుని వెళ్ళడం న్యాయం కాదా?

అన్నిటికన్నా ముందు మానవలసింది బీడీ. అది మానకుండా వేసిన పక్కదారి ఎన్నాళ్ళో నిలవదు.