పొదుపు మనది, పెత్తనం ఎవరిది?

"ముందు పొదుపు చేయండి, తర్వాతే అప్పు అడగండి." సంఘాల సమావేశాల్లో ఏళ్ల తరబడి నేనూ ఈ మాట చెప్పాను. ఒక సభ్యురాలు లేచి, "మా పైసలతోనే బ్యాంకు నడిస్తే, పైసా దాచని కాంట్రాక్టరుకు అంత అప్పెట్లా ఇచ్చింది?" అని నిలదీసింది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

బ్యాంకు ఒక హుండీ అని, మనం వేసిన రూపాయలనే తీసి ఇంకొకరికి ఇస్తుందని శిక్షణల్లో నేర్పారు. అది నిజం కాదు. అప్పు మంజూరైనప్పుడు బ్యాంకు మన ఖాతాల్లోంచి ఏమీ తీయదు. అప్పు తీసుకున్నవారి ఖాతాలో ఆ మొత్తం జమ రాస్తుంది. అలా కొత్త డబ్బు పుడుతుంది. అప్పు తీరితే అది పోతుంది. ఇంగ్లండు కేంద్ర బ్యాంకే 2014లో తన త్రైమాసిక పత్రికలో ఈ సంగతి ఒప్పుకుంది. మూలధన నిబంధనలు, రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు, బాకీ తిరిగొస్తుందన్న నమ్మకం దీనికి పగ్గాలు.

కాబట్టి డబ్బు ఎవరి పేర పుట్టాలన్నది ఎవరో చేసే నిర్ణయం. ఆ నిర్ణయంలో మన మాటకు చోటు లేదు.

ఫలితం చూశాం. బ్యాంకులు సూక్ష్మరుణ కంపెనీలకు అప్పులిచ్చి ప్రాధాన్యతా రంగం లెక్కలో చూపించుకున్నాయి. కంపెనీలు ఆ డబ్బును అధిక వడ్డీకి మన గుమ్మాల్లోకి తెచ్చాయి. వేధింపులు, ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో రిజర్వు బ్యాంకు ఆ కంపెనీల వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది. 2022లో వడ్డీపై పరిమితులే ఎత్తేసింది.

అడిగినవారికల్లా డబ్బు పుట్టిస్తే ధరలు పెరగవా అంటారు. సరుకు పెరగకుండా డబ్బే పెరిగితే పెరుగుతాయి. పాడిగేదె కొన్న ఆమె అప్పు ఊళ్లో పాలు పెంచుతుంది. ప్లాట్లు కొని అట్టేపెట్టుకునేవాడి అప్పు ప్లాట్ల ధర పెంచుతుంది. మరి ఆ ప్రశ్న అతన్నెందుకు అడగరు?

పొదుపు మానమనడం లేదు. ఆపదలో అదే ఆసరా. కానీ అప్పుకు అర్హత తేల్చే పరీక్ష ఆడవాళ్లకు మాత్రమే ఎందుకు? మన సంఘం పుస్తకాలు ప్రతినెలా తనిఖీ చేస్తారు కదా, ఇక మనమూ అడుగుదాం: ఈ శాఖ ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి ఇచ్చింది? అందులో ఆడవాళ్ల వాటా ఎంత?